ఏడుగురికి ఒక బండి: ఎర్టిగా, ఇన్నోవాల మధ్య ఒక గుంటూరు కుటుంబం

ఈ కేసులో డబ్బు కట్టేది ఒకరు, రోజూ కారు నడిపేది మరొకరు, మూడో వరుసలో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవలసింది ఇంకొకరు. ఏడు సీట్ల బండి కొనే ఇళ్లలో ఇది మామూలే. షోరూముకు మాత్రం డబ్బు కట్టేవారొక్కరే వెళతారు, ముందు సీట్లో కూర్చుని టెస్ట్ డ్రైవ్ చేస్తారు, నచ్చిందని అడ్వాన్సు ఇచ్చి వస్తారు. కారు కొనేవారికి సలహా చెప్పడం నా వృత్తి. ఈ తరగతి బండ్ల విషయంలో నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆ ఒక్కరి ప్రయాణం నుంచి పుట్టినవే.

కుటుంబం గుంటూరుది. భర్తకు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. భార్య ప్రభుత్వ ఉపాధ్యాయురాలు, ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని బడికి పాత స్విఫ్ట్ తానే నడుపుకుంటూ వెళతారు. ఇంటర్ మొదటి సంవత్సరం కూతురు, నాలుగో తరగతి కొడుకు, భర్త తల్లిదండ్రులు, ఏడాదిలో సగం రోజులు వీరితోనే ఉండే భర్త అత్తగారు. లెక్కకు ఏడుగురు. 2025 వేసవి చివర్లో వచ్చారు. స్విఫ్ట్ అమ్మేసి ఏడు సీట్ల బండి కొనాలన్నది వారి ఆలోచన. ఆ మొదటి వాక్యంలోనే అసలు చిక్కు ఉంది, కానీ అది బయటపడటానికి చాలా రోజులు పట్టింది.

ఎవరికి ఏమి కావాలి

నేను అందరితోనూ విడివిడిగా మాట్లాడతాను. కలిపి కూర్చోబెడితే యజమాని మాటే అందరి మాట అయిపోతుంది.

ఆయనకు ఇన్నోవా క్రిస్టా కావాలి. డీజిల్ ఇంజను, గట్టి బండి, తిరిగి అమ్మితే ధర పలుకుతుంది. ఇవి ఆయన చెప్పిన కారణాలు. చెప్పని కారణం యార్డు. అక్కడ ఆయన సాటివారంతా ఇన్నోవాల్లోనే దిగుతారు. "ఎర్టిగాలో వెళితే ట్యాక్సీ వచ్చిందనుకుంటారండీ" అని ఒకసారి నవ్వుతూ అన్నారు. పసుపు నంబరు ప్లేటుతో తిరిగే ఎర్టిగాలు ఊళ్లో ఎన్నున్నాయో చూస్తే ఆ మాటను కొట్టిపారేయలేము. ట్యాక్సీలుగా తిరిగే ఇన్నోవాలకూ తక్కువ లేదు, కానీ ఆ పేరు దానికి అంటుకోలేదు.

ఆవిడకు చిన్న బండి చాలు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వీరి స్లాటు రెండు స్తంభాల మధ్య ఉంది, స్విఫ్ట్ పెట్టడానికే జాగ్రత్త కావాలి. "ఏడాదికి నాలుగు ప్రయాణాల కోసం నేను రోజూ లారీ నడపాలా?" అన్నది ఆవిడ ప్రశ్న. తాతగారికి మైలేజీ ముఖ్యం, సీఎన్‌జీ గురించి ఎక్కడో చదివి వచ్చారు. కూతురికి ఫోను చార్జింగ్, ఏసీ గాలి. చిన్నవాడికి కిటికీ. అత్తగారు తనకేమీ అక్కర్లేదన్నారు. అలా అన్నవారినే మూడో వరుసలోకి నెడతారు కనుక ఆవిడ పేరు పక్కన నేను గుర్తు పెట్టుకున్నాను.

నాయనమ్మగారికి రెండు మోకాళ్లూ అరిగాయి. ఆవిడ ఏమీ అడగలేదు. చివరకు నిర్ణయాన్ని సగం తిప్పింది ఆవిడే.

ప్రయాణాల లెక్క

గడిచిన ఏడాది ఎవరు ఎక్కడికి ఎలా వెళ్లారో రాసివ్వమని అడిగాను. జ్ఞాపకం మీద వదిలేస్తే ప్రతి కుటుంబం తాను నెలకోసారి తిరుపతి వెళుతున్నట్టే చెబుతుంది. అందుకే ఫాస్టాగ్ స్టేట్‌మెంటు, అద్దె బండ్ల రసీదులు ముందు పెట్టుకోమంటాను. వీరి స్టేట్‌మెంటు నిండా కాజ టోల్ గేటే: విజయవాడకు ఇద్దరో ముగ్గురో వెళ్లి వచ్చిన ప్రయాణాలు. ఏడుగురూ కలిసి కదిలింది నాలుగుసార్లు. తిరుమల, రాజమహేంద్రవరంలో ఒక పెళ్లి, తెనాలి దగ్గరి సొంత ఊరికి రెండుసార్లు. ఐదుగురో ఆరుగురో వెళ్లినవి నెలకు ఒకటి రెండు. అప్పుడు స్విఫ్ట్‌తో పాటు ఆటోనో, బంధువుల కారో తోడయ్యేది.

ఆ నాలుగు ప్రయాణాలకు ఇన్నోవాను అద్దెకు తీసుకుంటే అయ్యే ఖర్చు, కొత్త ఇన్నోవా నెలవారీ వాయిదాలు ఒకటి రెండింటికి మించదు. లెక్క చూపించాను. తాతగారు ఒప్పుకోలేదు. అద్దె బండిలో వెళితే సొంత ఊరికి వెళ్లినట్టు ఉండదన్నారు. ఇది లెక్కకు లొంగే అభ్యంతరం కాదు. వాదించకుండా కాగితంలో ఒక గీత గీసి కింద రాసుకున్నాను: అద్దె వద్దు, అందరూ ఒకే బండిలో.

ఏడు అంటే ఏ ఏడు

ఈ తరగతిలో కొనేవారు ఎక్కువగా జారిపడే చోటు ఇది. ఎర్టిగాలో ఏడు సీట్లంటే ముందు ఇద్దరు, మధ్య ముగ్గురు, వెనుక ఇద్దరు. ఇన్నోవా క్రిస్టాలోనైనా, ఇన్నోవాలోనే మరో రకమైన హైక్రాస్‌లోనైనా ఏడు సీట్ల రకంలో మధ్యన రెండు విడి కెప్టెన్ సీట్లుంటాయి. కనుక ముందు ఇద్దరు, మధ్య ఇద్దరు, వెనుక ముగ్గురు. అంటే పెద్ద బండి, ఎక్కువ ధర, హుందాగా కనిపించే కెప్టెన్ సీట్లు అన్నీ తీసుకుంటే, నిండుగా వెళ్లే రోజున మూడో వరుసలో ముగ్గురు పడతారు. పెద్దాయన ముందు, నాయనమ్మ, అత్తగారు మధ్యన అనుకుంటే, వెనుక తల్లీ ఇద్దరు పిల్లలూ. పంతులమ్మగారికి ఈ బొమ్మ గీసి చూపించగానే కెప్టెన్ సీట్ల మీద మోజు తీరిపోయింది. ఎనిమిది సీట్ల రకంలో మధ్యన ముగ్గురు కూర్చునే బెంచీ ఉంటుంది, ఏడుగురు ఎక్కితే వెనుక ఇద్దరే. ఎనిమిది సీట్లు అక్కరలేని వారికి కూడా ఎనిమిది సీట్ల రకమే సరిపోవడం వింతగా ఉంటుంది గానీ, కొలిచి చూస్తే అదే తేలుతుంది.

కొలతలు కూడా చెప్పాలి. ఎర్టిగా పొడవు దాదాపు 4,400 మిల్లీమీటర్లు, వెడల్పు 1,735. వీరి స్విఫ్ట్ వెడల్పూ 1,735. అంటే స్తంభాల మధ్య ఎర్టిగా కొత్త సమస్య ఏమీ తేదు, పొడవులో అరమీటరు మాత్రం పెరుగుతుంది. హైక్రాస్ పొడవు 4,755, వెడల్పు 1,850. క్రిస్టా కాస్త పొట్టి, కానీ దాదాపు అంతే. మధ్యలో కియా కారెన్స్ 4,540. అన్నిటికంటే చిన్నది రెనో ట్రైబర్, దాదాపు 3,990. ఈ చివరి అంకె యాదృచ్ఛికం కాదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజను ఉంటే పన్ను బాగా తగ్గుతుంది. ట్రైబర్ ఆ గీతకు కొద్ది మిల్లీమీటర్ల లోపల ఆగింది. మూడో వరుస సీట్లు తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు, తెలివైన ఏర్పాటు. అయితే అన్ని సీట్లూ ఉంటే డిక్కీ 84 లీటర్లే, ఇంజను వెయ్యి సీసీదే. ఏడుగురు, సామాన్లు, ఘాట్ రోడ్డు అనగానే దాన్ని జాబితా నుంచి తీసేశాను.

అందరినీ తీసుకుని షోరూముకు

సేల్స్ కుర్రాడికి మా రాక నచ్చలేదు. టెస్ట్ డ్రైవ్‌కు ఏడుగురు ఎక్కుతామంటే మేనేజరును అడగాలన్నాడు. అడిగి వచ్చాడు, ఎక్కనిచ్చాడు. సామాన్లు కూడా తెచ్చామని అప్పుడు చెప్పాను.

మొదట క్రిస్టా. నాయనమ్మగారు పైన పట్టీ పట్టుకుని, కొడుకు ఆసరాతో ఎక్కారు. సీటు బాగుందన్నారు. దిగేటప్పుడు ఆగిపోయారు. కాలు కిందికి వేస్తే నేల అందలేదు, అరిగిన మోకాలి మీద శరీరం బరువంతా మోపి దూకినట్టు దిగాలి. "ఎక్కడం సరే నాయనా, దిగాలంటేనే భయంగా ఉంది" అన్నారు. ఇలాంటి పెద్దవారిని షోరూములో ఎక్కించి చూస్తారు కానీ దింపి చూడరు.

దీనికి కారణం బండి కట్టుబడిలో ఉంది. క్రిస్టా లారీ తరహాలో ఉక్కు చట్రం మీద కట్టిన బండి. వెనుక చక్రాలకు శక్తి పంపే షాఫ్టు కింద ఉంటుంది, వాటన్నిటి పైన నేల వస్తుంది. గతుకులకు, బరువుకు అది బలం, మోకాళ్లకు శిక్ష. హైక్రాస్‌కు విడి చట్రం లేదు, ముందు చక్రాలే లాగుతాయి, అందుకే నేల కిందికి దిగింది. ఎర్టిగా ఇంకా తక్కువ ఎత్తు. నాయనమ్మగారి నడుము ఎత్తుకు ఎర్టిగా సీటు ఇంచుమించు సరిపోయింది, వెనక్కి తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకున్నారు. హైక్రాస్‌లో ఒక చెయ్యి సాయం అవసరమైంది, దిగడానికి భయపడలేదు. స్విఫ్ట్‌లో అయితే మరీ కిందికి దిగి కూర్చోవాలి, లేవడం కష్టం. ఆ రోజు క్రిస్టా జాబితా నుంచి పోయింది. యజమాని మొహం చూసి సేల్స్ కుర్రాడికి కూడా జాలి వేసినట్టుంది.

తరువాత మూడో వరుస. ఎర్టిగాలో పిల్లలిద్దరినీ వెనుక కూర్చోబెట్టాము. చిన్నవాడికి లోటు లేదు. కూతురు తండ్రి భుజం దాటి ఎదిగింది, మధ్య సీటును ముందుకు జరిపితే గానీ మోకాళ్లకు చోటు దొరకలేదు. ముందుకు జరిపితే నాయనమ్మ మోకాళ్లు ముడవాలి. ఇద్దరిలో ఎవరో ఒకరు ఇబ్బంది పడాల్సిందే, అది సీటు జారే పట్టాల మీద కొన్ని అంగుళాల పంచాయితీ. అంతకంటే అసలు ఇబ్బంది కూర్చునే తీరు. వెనుక నేల ఎత్తుగా, సీటు తక్కువగా ఉంటే తొడలు సీటుకు ఆనవు, బరువంతా నడుము మీద పడుతుంది. పది నిమిషాల్లో తెలియదు, ఒంగోలు దాటాక తెలుస్తుంది. హైక్రాస్‌లోనూ వెనుక వరుస మహారాజ పీఠమేమీ కాదు. కానీ చక్రాల మధ్య దూరం 2,850 మిల్లీమీటర్లు, ఎర్టిగాకు 2,740. ఆ తేడా దాదాపుగా అమ్మాయి మోకాళ్లకే దక్కింది.

వెనుక వరుసలో కూర్చునే పిల్లలకు ఘాట్ రోడ్డు మీద వాంతులయ్యే అలవాటు ఉందా అని తప్పకుండా అడుగుతాను. వెనుక చక్రాల మీదో వాటి వెనుకో కూర్చున్నవారికి మలుపుల్లో ఊపు ఎక్కువ, బయటి దృశ్యం తక్కువ. చిన్నవాడికి ఉందట. అప్పుడు కిటికీ కోరికను కాస్త గంభీరంగా తీసుకోవలసి వచ్చింది.

సామాన్లు

మూడు వరుసలూ నిలబెడితే ఎర్టిగా డిక్కీ 209 లీటర్లు. వీరు తిరుమల తీసుకెళ్లే ట్రాలీ సంచులు రెండు నిలువుగా పట్టాయి, మూడోది పట్టలేదు. ఏడుగురు రెండు రాత్రులకు వెళితే రెండు సంచులతో ఆగరు. తాతగారి సీఎన్‌జీ ఆశ కూడా అక్కడే కరిగింది. ఎర్టిగా సీఎన్‌జీ రకానికి కిలోకు 26.11 కిలోమీటర్లన్న అధికారిక అంకె ఊరించేదే, కానీ సిలిండరు కూర్చునేది ఆ డిక్కీలోనే. వెనుక సీట్లలో మనుషులు, డిక్కీలో సిలిండరు, ఇక సామాన్లు నెత్తిన క్యారియర్ మీద. వానకు టార్పాలిన్, గాలికి మోత.

హైక్రాస్‌లో అన్ని సీట్లూ నిలబెట్టి 300 లీటర్లు. మూడు ట్రాలీ సంచులూ పట్టాయి. నాలుగోది, ఊరి నుంచి వచ్చేటప్పుడు మామిడి బుట్టలు, బియ్యం బస్తా అన్న మాట వస్తే అదీ చాలదు. ఊరి ప్రయాణాలకు ఏ ఏడు సీట్ల బండి డిక్కీ సరిపోయిందని నేను వినలేదు.

జారే తలుపుల గురించి

ఇరుకు సెల్లార్‌లో, పెద్దవారున్న ఇంట్లో పక్కకు జారే తలుపులుంటే సగం బాధలు తీరుతాయి. స్తంభం పక్కన తలుపు తెరిచే గొడవ ఉండదు, గడప వెడల్పు. అమెరికాలో పిల్లలున్న మన వాళ్లు సియెన్నా, ఒడిస్సీ కొనడానికి అదొక పెద్ద కారణం. ఇక్కడ ఆ తలుపులు అన్నిటికంటే చవకైన ఈకోలోనూ, అరవై లక్షల దరిదాపుల్లోని కార్నివాల్, అంతకు మించిన వెల్‌ఫైర్‌లలోనూ దొరుకుతాయి. మధ్యలో శూన్యం. 2012లో నిస్సాన్ ఎవాలియా ఆ తలుపులతో వచ్చింది, లోపల బోలెడంత చోటు, నిలబడలేదు. చూసినవారంతా వ్యాన్‌లా ఉందన్నారు. హోండా మొబిలియో, రెనో లాజీ, షెవర్లే ఎంజాయ్ కూడా ఈ బజారులోకి వచ్చి వెళ్లిపోయినవే. మన కుటుంబాలకు వ్యాను చేసే పనులన్నీ కావాలి, వ్యాను రూపు మాత్రం వద్దు. అందుకే తయారీదారులు ఏడు సీట్ల బండ్లకు ఎస్‌యూవీ ముఖం తగిలిస్తున్నారు.

భద్రత, పన్ను

చిన్న బండి వైపు మొగ్గు ఉన్న ఆవిడను ఆపింది ఒకే అంశం. 2024లో కార్లను ఢీకొట్టించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎర్టిగాకు పెద్దల భద్రతలో ఒక నక్షత్రం, పిల్లల భద్రతలో రెండు వచ్చాయి. బండి నిర్మాణం అస్థిరమని తేల్చారు. 2025లో అన్ని రకాలకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు, అది మంచి మార్పే, కానీ ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన నిర్మాణం గట్టిపడదు. హైక్రాస్‌కు 2025లో అలాంటిదే మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు వచ్చాయి. రెండూ వేర్వేరు పరీక్షలు కనుక పక్కపక్కన పెట్టి తీసివేత చేయకూడదని చెప్పాను. కొనే రకంలో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయో విడిగా రాయించుకోమనీ చెప్పాను. ఆవిడ పట్టించుకున్నది ఒకటే: వెనుక కూర్చునేది నా పిల్లలు.

ఈలోగా ఆగస్టు 15న జీఎస్టీ తగ్గుతుందన్న ప్రకటన వచ్చింది, షోరూములు ఖాళీ అయ్యాయి, మేమూ ఆగాము. సెప్టెంబరు 22న, దేవీ నవరాత్రులు మొదలైన రోజే, కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. ట్రైబర్ తరగతికి 29 శాతం నుంచి 18. ఎర్టిగాకు సెస్సుతో కలిపి 45 నుంచి 40. పెట్రోల్‌తో పాటు బ్యాటరీ మోటారు సాయంతో నడిచే హైక్రాస్ హైబ్రిడ్‌కు 43 నుంచి 40 మాత్రమే. రెండు లీటర్ల పెట్రోల్ హైక్రాస్‌పై భారం అంతకు ముందే ఎక్కువగా ఉండేది, అదీ 40కే దిగింది కనుక తగ్గుదల దానికే ఎక్కువ. లీటరుకు హైబ్రిడ్ 23.24, పెట్రోల్ 16.13 కిలోమీటర్ల మైలేజీ అన్నవి అధికారిక అంకెలు. అవి చూసి అందరూ హైబ్రిడ్ వైపు తిరుగుతారు. వీరి ప్రయాణాల లెక్కకు ఆ ధర తేడాను పెట్రోల్ బంకులో తిరిగి రాబట్టడానికి చాలా ఏళ్లు పడుతుంది.

స్విఫ్ట్ అమ్మాలా

నా నివేదికలో ప్రధాన వాక్యం బండి గురించి కాదు, స్విఫ్ట్ గురించి. చిన్న ఏడు సీట్ల బండి బలమంతా రోజువారీ వాడుకలో ఉంది: ఇరుకు వీధి, సెల్లార్, మైలేజీ, ఒక్కరే నడిపే సౌలభ్యం. స్విఫ్ట్ ఇంట్లో ఉంటే ఆ పనులన్నీ అది చేస్తూనే ఉంది. ఎర్టిగా వచ్చి చేసేది స్విఫ్ట్ పనినే, పైగా ఏడుగురు వెళ్లే రోజున అరకొరగా. స్విఫ్ట్ అమ్మేస్తే ఇంటికి ఒకే బండి, అప్పుడు ఆవిడ రోజూ నడపగలిగిన ఎర్టిగానో కారెన్సో సరైనది, పెద్దది భారం. కనుక ముందు తేల్చవలసింది పాత కారు ఉంటుందా లేదా అన్నది.

స్విఫ్ట్ ఉంచడానికి అడ్డం స్లాటు. వీరికి ఉన్నది ఒక్కటే. లిఫ్టు పక్కన వెడల్పాటి స్లాటు ఒకటి ఖాళీగా ఉంటోందని, దాని యజమానులు కొడుకు దగ్గర అమెరికాలో ఉంటున్నారని అత్తగారు చెప్పారు. సాయంత్రాలు కింద కూర్చునేది ఆవిడే కనుక అపార్ట్‌మెంట్ సంగతులన్నీ ఆవిడకు తెలుసు. ఫోనులో మాట్లాడి నెల అద్దెకు తీసుకున్నారు. రెండో కారు మీద లైఫ్ ట్యాక్స్ కాస్త అదనంగా పడుతుందని ముందే చెప్పి ఆన్‌రోడ్ ధరలో కలిపించాను, లేకపోతే చివరి రోజున గొడవ అవుతుంది.

కూతురు రెండేళ్లలో హాస్టల్‌కు వెళుతుంది, ఏడుగురు ఆరుగురవుతారు, పెద్ద బండి సగం ఖాళీగా తిరుగుతుంది అని కూడా రాశాను. యజమాని దాన్ని చదివి, అప్పుడు సామాన్లకు చోటు సరిపోతుందిగా అన్నారు. దీపావళి లోపు ఎనిమిది సీట్ల హైక్రాస్, పెట్రోల్ రకం బుక్ చేశారు. ధర ఎర్టిగాకు దాదాపు రెట్టింపు. పేరులో ఇన్నోవా ఉంది కనుక యార్డులో మర్యాదకు లోటు రాలేదు.

తరువాత

సంక్రాంతి వెళ్లాక మళ్లీ కలిశాను. తిరుమల వెళ్లి వచ్చారు. చిన్నవాడిని మధ్య వరుసలో కిటికీ దగ్గరికి మార్చారు, వాంతులు కాలేదు. నాయనమ్మగారు సాయం లేకుండా దిగుతున్నారు, ఎక్కడానికి మాత్రం ఇంకా చెయ్యి కావాలి. వెనుక వరుసలో కూతురితో పాటు తల్లి కూర్చున్నారు, తిరుగు ప్రయాణంలో ఆవిడే నడిపారు, లారీ కాదులెండి అన్నారు.

ఏడుగురి కోసం కొన్న బండి ఇప్పుడు ఎక్కువ రోజులు ఒక్కరితో యార్డుకు వెళుతోంది. ఊళ్లో మైలేజీ లీటరుకు పది దాటడం లేదట, తాతగారు ప్రతి బంకు రసీదూ దాచిపెడుతున్నారు. యార్డుకు స్విఫ్ట్ తీసుకెళ్లి, బడికి వేరే ఏర్పాటు చూసుకుంటే ఎలా ఉంటుందని ఆయన అడిగారు. వద్దన్నాను. స్లాటు యజమానులు వేసవికి రెండు నెలలు వస్తున్నారట. ఆ రెండు నెలలూ హైక్రాస్ వీధిలో చెట్టు కింద పెట్టాలా, లేక ఎదురింటి ఖాళీ స్థలం అద్దెకు అడగాలా అన్నది ప్రస్తుతానికి అత్తగారు కనుక్కుంటున్నారు.